ప్రశ్న వేసి ఊరుకోండి



ఇలాంటి సభ మీరు చూసే ఉంటారు. పుస్తకావిష్కరణ. అయిదున్నరకన్నారు, ఆరుంబావుకు మొదలైంది. జ్యోతి వెలిగించారు, అధ్యక్షులవారు తొలిపలుకులు పలికారు, ముగ్గురు మాట్లాడారు, రెండు శాలువాలు కప్పారు. ఎనిమిది దాటింది. వరండాలో ఎవరో కాఫీ ఫ్లాస్కు మూత తీశారు, వాసన లోపలిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడు అధ్యక్షులవారు మైకు దగ్గరికి వచ్చి, "సమయాభావం వల్ల క్లుప్తంగా... ఎవరికైనా సందేహాలుంటే అడగవచ్చు" అంటారు. ఒక్కరూ లేవరు. "మనవాళ్లకు చర్చించే అలవాటు లేదండీ" అని వేదిక మీద ఒక పెద్దాయన నిట్టూరుస్తారు.

ఈ నిట్టూర్పు నేను ఒప్పుకోను. అదే జనం పది నిమిషాలయ్యాక వరండాలో కాఫీ తాగుతూ, వక్తలు చెప్పిన ప్రతి మాటనూ పట్టుకుని చీల్చి చెండాడుతుంటారు. లోపల వాళ్ల నోరు కట్టేసింది "సందేహాలు" అన్న మాట. సందేహం అడగడమంటే, నాకు తెలియదని పదిమందిలో లేచి ఒప్పుకోవడం. వేదిక మీదివాళ్లకు తెలుసు, కింద కూర్చున్నవాళ్లకు తెలియదు అని ముందే తేల్చేశాక, ఇక మాట్లాడేదెవరు?

ఇలా అంటున్నానని నేనేదో మొదటినుంచీ ఆరితేరినవాడిననుకోకండి. మా ఊరి శాఖా గ్రంథాలయంలో నెలకో ఆదివారం పుస్తకచర్చ నడుపుతుంటాను. ఇరవైమంది వస్తే మాకు పండగే. మొట్టమొదటి నెల "కన్యాశుల్కం" పెట్టుకున్నాం. వారం రోజులు కూర్చుని తయారయ్యాను. విజయనగరంలో 1892లో తొలి ప్రదర్శన, 1897లో అచ్చు, 1909లో రచయిత గురజాడ దాన్ని దాదాపు కొత్త నాటకమన్నంతగా తిరగరాయడం, అన్నీ నలభై నిమిషాలు చెప్పాను. చెప్పి, "మరి, ఈ నాటకం నేటి సమాజానికి ఎంతవరకు వర్తిస్తుంది?" అన్నాను. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. చివరికి రెండో వరసలో రెవెన్యూలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, నా మీద జాలిపడి, "బాగా వర్తిస్తుందండీ" అన్నారు. అంతే. చర్చ ముగిసింది.

మరుసటి ఏడాది మళ్లీ అదే నాటకం పెట్టాం. ఈసారి ఉపన్యాసం మానేశాను. "మీ ఇంట్లో ఒక వ్యవహారం ఉంది. దాన్ని ఈ నాటకంలోని గిరీశానికో, రామప్ప పంతులికో అప్పగించక తప్పదు. ఎవరికి అప్పగిస్తారు?" అని అడిగి కూర్చున్నాను. ముందు నవ్వారు. తర్వాత టైలరింగ్ షాపాయన, "రామప్ప పంతులికేనండీ, వాడు డబ్బు తిని వదిలేస్తాడు. గిరీశం ఇంట్లో పిల్లల బుర్రలు తింటాడు" అన్నాడు. వెంటనే మన రెవెన్యూ పెద్దమనిషి లేచారు. "పంతులు సంగతి మీకు తెలీదు. ముప్ఫై ఏళ్లు చూశాను అలాంటివాళ్లని. వాడు చెయ్యి పెట్టిన కాగితం మళ్లీ మన చేతికి రాదు" అంటూ, ఏడాది కిందట నాలుగు మాటలు మాట్లాడని మనిషి, పావుగంట మాట్లాడారు. అప్పుడు వెనకనుంచి ఒక అంగన్‌వాడీ టీచరమ్మ, "ఆ ఇద్దరూ ఎందుకు, మధురవాణికి అప్పగిస్తే ఇద్దర్నీ ఆడించేస్తుంది కదా" అంది. నా ప్రశ్న అక్కడితో తలకిందులైంది. అది తలకిందులైనందుకే ఆ రోజు అంత బాగా గడిచింది.

రెండో ప్రశ్నలో ఏముందని తర్వాత ఆలోచించాను. అది చిన్నది. ఎటో ఒకవైపు నిలబడమంటుంది. తప్పు జవాబంటూ లేదు. అన్నిటికన్నా ముఖ్యం, జవాబు పుస్తకంలో దొరకదు. రెవెన్యూ ఆఫీసులో చూసిందో, టైలరింగ్ షాపులో విన్నదో పట్టుకొస్తే తప్ప చెప్పలేరు. అంటే గదిలో ఉన్న ప్రతివాళ్లూ ఆ విషయంలో ఎంతో కొంత పండితులే.

ఈ కిటుకు మన అవధానాల్లో ఏనాటినుంచో ఉంది. సమస్య ఇచ్చే పృచ్ఛకుణ్ణి గమనించండి. అవధానిని పూరించమని అతనిచ్చే పద్యపాదం పైకి అసంబద్ధంగానో, అనకూడని మాటలానో ఉంటుంది. కానీ ఎక్కడో ఒకచోట గొళ్లెం ఉంటుంది, తీస్తే తలుపు తెరుచుకుంటుంది. గొళ్లెమే లేని సమస్య ఇస్తే ఆ పృచ్ఛకుణ్ణి రసికుడనరు. తలుపు బార్లా తీసి ఉన్న సమస్య ఇస్తే సభకు ఆవులింతలొస్తాయి. ఇంకో ముచ్చట. అవధానంలో అప్రస్తుత ప్రసంగానికి కూడా ఒక కుర్చీ వేశారు. దారి తప్పించేవాడు ఎలాగూ ఉంటాడు, అతనికీ ఒక పాత్ర ఇచ్చేస్తే పోలా అన్నారు మనవాళ్లు. ఏ చర్చలోనైనా అలాంటివారు ఒకరుంటారు. వారిని చూసి విసుక్కోవడం నేను మానేశాను.

అలాగని, జనం ఎగబడితే చాలు మంచి ప్రశ్నే అనుకోవద్దు. ఇద్దరు సినిమా హీరోల పేర్లు చెప్పి ఎవరు గొప్ప అని అడిగి చూడండి, గది దద్దరిల్లుతుంది, కానీ ఏమీ తేలదు. తర్కశాస్త్రంలో గౌతముడి న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా విడదీశాయి. నిజం తేల్చుకోవడానికి మాట్లాడుకుంటే వాదం. గెలవడానికే అయితే జల్పం. తనదంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాడి మాటను పడగొట్టడమే పనైతే వితండం. తమాషా ఏమిటంటే, ఈ మూడింట్లో అసలు అర్థంతో మన వాడుకలో దిట్టంగా నిలిచింది వితండవాదమే. ఆ మూడింట్లో ఏది నడవబోతుందో చాలావరకు మొదట వేసిన ప్రశ్నే నిర్ణయిస్తుంది. నేను ప్రశ్న రాసుకున్నాక నన్ను నేను ఒకటి అడుగుతాను: ఎవరైనా గట్టిగా చెబితే దీని మీద నా అభిప్రాయం మారుతుందా? మారదనిపిస్తే ఆ కాగితం చింపేస్తాను. అది ప్రశ్న రూపంలో ఉన్న ఉపన్యాసం.

ప్రశ్న గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది నెల్లూరు జిల్లాలోని దూబగుంట అనే ఊరు. 1990ల మొదట్లో ఆ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడుస్తోంది. పగలంతా కూలికి వెళ్లొచ్చిన ఆడవాళ్లు రాత్రి పలకలు పట్టుకుని కూర్చునేవారు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం వచ్చింది. మొగుడి సారా వల్ల కూలిపోయిన ఒక సంసారం కథ. చదువు నేర్చుకోవడం వల్ల కలిగే లాభాలేమిటని అడిగితే వాళ్లేం చెప్పగలరు? ఈ కథ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అక్షరాలు కూడబలుక్కోవడం ఆగి, ఇది మన ఇంటి సంగతే కదా అన్న మాట మొదలైంది. రోజు కూలి ఎంత, ఇంటికి చేరుతున్నదెంత, మిగతాది ఎక్కడికి పోతోంది? ఈ లెక్కలో ప్రతి మనిషికీ ఒక అంకె తెలుసు. ఆ మాటలు సారా దుకాణం ముందుకు నడిచాయి, అక్కణ్ణుంచి పక్క ఊళ్లకు, జిల్లా జిల్లాకూ పాకాయి. 1993 అక్టోబరు 1న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. ఒక్క పాఠమే ఇదంతా చేసిందనడం అన్యాయం. ఆ కోపం వాళ్లలో ఏళ్లుగా ఉంది. పాఠం దానికి కూర్చోవడానికి ఒక చాప పరిచింది. బ్రెజిల్‌లో పౌలో ఫ్రేరే అనే విద్యావేత్త 1960లలో చేసిందీ ఈ కోవలోదే. కూలీల బతుకులోని దృశ్యాల్నే బొమ్మలుగా చూపించి, ఇందులో ఏం కనిపిస్తోందని అడిగి, ఆ మాటల్లోంచి అక్షరాలు నేర్పేవాడు.

సరే, ప్రశ్న వేశారు. ఆ తర్వాత చేయాల్సిన పని అన్నిటికన్నా కష్టం. ఊరుకోవాలి.

అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ తరగతి గదుల్లో మాటలు రికార్డు చేసి విన్నారు. టీచర్లు ప్రశ్న వేశాక, సగటున ఒక్క సెకను ఆగి, జవాబు రాకపోతే తామే అందుకుంటున్నారట. దాన్ని మూడు సెకన్లకు పెంచి చూస్తే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడారు. మూడు సెకన్లు ఎంతో చూద్దామా? ఇప్పుడే ఆగుతున్నాను.

...

చూశారా, మీలో ఒకరిద్దరు స్టేషన్ పోయిందనుకుని రేడియో మీద చెయ్యి వేసే ఉంటారు. సభలో ఆ మూడు సెకన్లు ఇంకా పొడుగ్గా ఉంటాయి. నేను కళ్లజోడు తీసి తుడుచుకుంటాను. అది దుమ్ము పట్టినందుకు కాదని మా లైబ్రేరియన్ గారికి ఒక్కరికే తెలుసు.

మొదట ఎవరు మాట్లాడతారన్నది కూడా చూసుకోవాలి. మన దగ్గర ప్రిన్సిపాలుగారో మాజీ సర్పంచిగారో ముందు అందుకున్నారంటే, తర్వాతివాళ్లంతా "సార్ చెప్పినట్టు" అంటూ మొదలుపెడతారు. యూదుల పాత న్యాయసభ సన్‌హెద్రిన్‌లో, మనిషి ప్రాణానికి సంబంధించిన విచారణల్లో, అందరికన్నా చిన్నవారితో మొదలుపెట్టి అభిప్రాయం అడగాలని నియమం ఉండేది. కారణం ఇదే. నేను డిగ్రీ చదివే పిల్లల్ని ముందు అడుగుతాను. కాకపోతే హఠాత్తుగా వేలు చూపించను. చర్చకు ముందే బయట కనబడినప్పుడు, "అమ్మా, ఇవాళ నీతోనే మొదలు" అని చెవిన వేస్తాను.

ఆ మొదటి మాట వచ్చాక "చాలా బాగా చెప్పారు" అనకండి. పొగడ్త అయినా తీర్పు తీర్పే. పక్కవాడు, తనది అంత బాగుండదేమోనని వెనక్కి తగ్గుతాడు. "ఎక్కడ చూశారు అలాంటిది?" అని అడగండి. ఆ మనిషి ఒక సంగతి చెబుతాడు, అది విని ఇంకొకరికి ఇంకో సంగతి గుర్తొస్తుంది. ఇక మీతో పనిలేదు.

అలా పక్కకు తప్పుకోవడం రేడియోకూ తెలుసు. ఆకాశవాణి 1956లో యునెస్కోతో కలిసి పూనా చుట్టుపక్కల నూటయాభై ఊళ్లలో ఒక ప్రయోగం చేసింది. రైతులు గుంపుగా కూర్చుని రేడియోలో అరగంట కార్యక్రమం వినేవారు. రేడియో కట్టేశాక వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని, తేలని ప్రశ్నలు స్టేషనుకు రాసి పంపేవారు. కార్యక్రమంలోని అసలు భాగం రేడియో కట్టేశాకే మొదలయ్యేదన్నమాట. నాలాంటి మాటకారికి ఇది మింగుడుపడని సంగతే అనుకోండి.

ఆ రెండో కన్యాశుల్కం రోజున మా లైబ్రేరియన్ గారు ఏడింటికి లైట్లు ఆర్పేశారు. తాళం వేసి బయటికొచ్చేసరికి రెవెన్యూ పెద్దమనిషీ టైలరూ సైకిలు స్టాండు దగ్గర ఇంకా రామప్ప పంతులి మీదే ఉన్నారు. "మీరే చెప్పండి సార్" అన్నారు నన్ను చూసి. నాకు బస్సుకు వేళయిందని చెప్పి వచ్చేశాను. మా ఇల్లు గ్రంథాలయం వెనక సందులోనే.