ఎవరు ఎవరికి లెక్క చెప్పాలి?

(దేవరాపల్లిలో చేసిన స్మారకోపన్యాసం)



మనం ఇవాళ స్మరించుకుంటున్న మాస్టారిని గురించి చెప్పడానికి నాకంటే తగినవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. ఆయన దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లు చెప్తేనే ఆ మాటలకు అందం. నేను ఆయన జన్మంతా చేసిన పనిలోంచి ఒక ప్రశ్న తీసుకుంటాను. ప్రభుత్వ బడిలో పిల్లవాడికి చదువు రాకపోతే ఎవరిని అడగాలి? ఏమని అడగాలి?

ఈ మండలంలో బడులన్నీ ఒక్క తీరువి కావు. కొన్ని చోడవరం పోయే రోడ్డు పక్కన ఉన్నాయి. కొన్ని అనంతగిరి కొండల అంచున ఉన్నాయి. చెరకు నరికే రోజుల్లో, బెల్లం వండే రోజుల్లో ఎవరి పిల్లలు బడికొస్తారో, ఎవరి పిల్లలు పొలంగట్టున చంటిబిడ్డను చూసుకుంటూ ఉండిపోతారో ఇక్కడి టీచర్లకు నేను చెప్పక్కర్లేదు. అయినా ఏటా వేసవిలో ఈ బడులన్నిటినీ ఒక్క అంకెతోనే తూస్తాం: పదో తరగతిలో ఎంత శాతం పాసయ్యారు?

పాస్ శాతం చెప్పని సంగతి

ఉదాహరణకు రెండు హైస్కూళ్లు అనుకుందాం. మొదటి బడికి ఆరో తరగతిలో చేరిన పిల్లల్లో ఎక్కువమందికి తెలుగు చదవడం, భాగహారం చేయడం వచ్చు. రెండో బడికి చేరినవాళ్లలో సగంమంది ఒత్తులు, గుణింతాల దగ్గరే ఆగి ఉన్నారు. అయిదేళ్ల తర్వాత మొదటి బడిలో నూటికి 95 మంది, రెండో బడిలో 75 మంది పాసయ్యారు. పేపర్లో మొదటి బడి ఫొటో పడుతుంది. రెండో బడి హెడ్మాస్టరుకు సమీక్షలో చీవాట్లు పడతాయి. ఎవరు ఎక్కువ పని చేశారన్నది మాత్రం ఆ రెండు అంకెల్లో లేదు. పిల్లలు బయల్దేరిన చోటును మనం ఎక్కడా రాసిపెట్టలేదు కాబట్టి, అది ఇక తెలిసే దారి కూడా లేదు.

పాస్ శాతమే పరువు అయినప్పుడు బడి నడక మారుతుంది. చలికాలం రాగానే పదో తరగతికి ప్రత్యేక తరగతులు, రాత్రి చదువులు, స్లిప్ టెస్టులు మొదలవుతాయి. ఆ కష్టాన్ని తక్కువ చేయను. కాని మూడో తరగతిలో వాక్యం చదవలేకపోతున్న పిల్ల మీద అంత శ్రద్ధ పెట్టేవాళ్లు అరుదు. ఆ పిల్ల పదో తరగతికి రావడానికి ఇంకా ఏడేళ్లుంది. అప్పటికి ఆ హెడ్మాస్టరు బదిలీ అయిపోతారు, ఆ కలెక్టరూ బదిలీ అయిపోతారు.

ఫలితానికి డబ్బు: పాత పాఠం

బడిని ఫలితాలతో కట్టేయాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1862లో ఇంగ్లండు ప్రభుత్వం ఇన్‌స్పెక్టరు వచ్చి పెట్టే చదువు, రాత, లెక్కల పరీక్షను బట్టి బడికి గ్రాంటు ఇవ్వడం మొదలుపెట్టింది. పరీక్షలో తప్పిన ప్రతి పిల్లవాడి వల్లా గ్రాంటు తెగేది. ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన కవి మాథ్యూ ఆర్నాల్డ్ ఈ పద్ధతి చదువును యాంత్రికం చేస్తోందని గట్టిగా వాదించాడు. అదే పద్ధతి మద్రాసు ప్రెసిడెన్సీకి, ఆ లెక్కన అప్పటి మన విశాఖపట్నం జిల్లాకూ వచ్చింది. బడిపంతులు జీతం పరీక్ష రోజు మీద వేలాడితే ఏమవుతుంది? పరీక్షలో ఉన్నదే చదువవుతుంది. ఇంగ్లండులో 1890లలో దాన్ని వదిలేశారు. ఇక్కడ ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో పోయింది.

ఈ పాఠాన్ని అమెరికా మళ్లీ మొదటినుంచి నేర్చుకుంది. 2002 జనవరిలో అమల్లోకి వచ్చిన ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ చట్టం మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటా పరీక్ష పెట్టమంది. 2014 నాటికి ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ నిర్ణీత స్థాయికి చేరాలంది. చేరని బడుల మీద ఏటేటా చర్యలు పెరుగుతూ పోయేవి. ఆ చట్టం మేలు చేయలేదని అనను. నల్లజాతి పిల్లల, పేద పిల్లల మార్కులను విడిగా ప్రకటించమనడంతో సగటు వెనక దాగిన వెనుకబాటు బయటపడింది. కాని అట్లాంటా నగరంలో జరిగింది కూడా చూడాలి. 2011లో జార్జియా రాష్ట్ర విచారణ 44 బడుల్లో 178 మంది ఉపాధ్యాయులు, ప్రిన్సిపాళ్లు జవాబుపత్రాల అక్రమాల్లో పాలుపంచుకున్నారని తేల్చింది. తప్పు జవాబులు చెరిపి ఒప్పు జవాబులు దిద్దారు. 2015లో 11 మంది మీద నేరం రుజువైంది. అదే ఏడాది డిసెంబరులో కొత్త చట్టం తెచ్చి పాత చట్టాన్ని పక్కన పెట్టారు.

మన రాష్ట్రంలో చేసి చూసిన పని

ఇంగ్లండు, అమెరికా కథలు విని ‘అయితే కొలవడమే తప్పు’ అనుకుంటే పొరపాటు. దానికి జవాబు మన రాష్ట్రంలోనే ఉంది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి పల్లెల్లోని 500 ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో ఒక పెద్ద ప్రయోగం మొదలుపెట్టాయి. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దాన్ని నడిపించారు. ఏ బడికి ఏ పథకమో లాటరీ పద్ధతిలో తేల్చారు.

అందులో ఒక పథకం లెక్కను దగ్గరగా చూద్దాం. ఏడాది మొదట్లో పిల్లలకు పరీక్ష పెట్టారు, చివర్లో మళ్లీ పెట్టారు. టీచరు దగ్గరున్న పిల్లల సగటు మార్కులు ఎంత శాతం పెరిగాయో చూసి, అయిదు శాతం దాటిన ప్రతి శాతానికీ 500 రూపాయలు బోనస్ ఇచ్చారు. పెరుగుదల 12 శాతమైతే ఏడు అయిదువందలు, 3,500 రూపాయలు. ఎంత ఎత్తున ఉన్నారన్నది లెక్కలోకి రాలేదు. ఉన్నచోటు నుంచి ఎంత పైకి వచ్చారన్నదే లెక్క. కొండ అంచు బడి టీచరుకూ, రోడ్డు పక్క బడి టీచరుకూ బోనస్ దారి ఒక్కలాగే తెరుచుకుంది. చదువులో వెనకబడ్డ పిల్లవాణ్ని పరీక్ష రోజు ఇంటిదగ్గర ఉంచేస్తే టీచరు లెక్కే తగ్గేలా ఏర్పాటు చేశారు.

రెండేళ్లకు ఆ బడుల పిల్లలు లెక్కల్లోనూ తెలుగులోనూ మిగతా బడుల పిల్లలకంటే స్పష్టంగా ముందున్నారు. బోనస్‌కు సంబంధం లేని సైన్సు, సోషల్ పరీక్షల్లోనూ మెరుగ్గా చేశారు. విచిత్రమేమిటంటే టీచర్ల గైర్హాజరు ఏమీ తగ్గలేదు. బడికొచ్చిన రోజున వాళ్లు చేసిన పని మారింది. ఇంటిపని ఇచ్చారు, అదనపు తరగతులు తీసుకున్నారు, వెనకబడ్డవాళ్లను దగ్గర కూర్చోబెట్టుకున్నారు.

మరో వంద బడుల్లో బోనస్ లేదు. పిల్లలకు ఏం రాదో వివరించే నివేదికలు టీచర్లకు ఇచ్చారు, అప్పుడప్పుడు వచ్చి చూశారు. చూడ్డానికి వచ్చినప్పుడు టీచర్లు చురుగ్గా కనిపించారు. పిల్లల మార్కులు మాత్రం కదల్లేదు. తర్వాత మధ్యప్రదేశ్‌లో బడులను తనిఖీ చేసి, లోపాలు రాసి, అభివృద్ధి ప్రణాళికలు వేయించిన పథకాన్ని పరిశీలించినా ఇదే తేలింది. ఫైళ్లు నిండాయి, చదువు పెరగలేదు. అయినా ఆ నమూనా దేశమంతా వ్యాపించింది.

బోనస్‌లు పంచమని నేను అనడం లేదు. ఆ ప్రయోగంలో నాకు కావలసింది దాని కొలబద్ద: జూన్‌లో ఎక్కడ, మార్చిలో ఎక్కడ.

చట్టం ఇప్పటికే చెప్పింది

2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ చదవండి. టీచరు వేళకు రావాలి, సిలబస్ పూర్తి చేయాలి, ప్రతి పిల్లవాడి స్థాయినీ అంచనా వేసి అవసరమైతే అదనంగా చెప్పాలి, తల్లిదండ్రులను సమావేశపరచి పిల్లవాడి ప్రగతి తెలపాలి. చెయ్యకపోతే క్రమశిక్షణ చర్య ఉంటుంది. ఇది ఒక వైపు. తగినంతమంది టీచర్లను ఉంచే బాధ్యతను 25వ సెక్షన్ ప్రభుత్వం మీద పెట్టింది. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుకు సంబంధంలేని పనులకు టీచర్లను వాడకూడదని 27వ సెక్షన్ అంది. ఇది రెండో వైపు.

మన దగ్గర ఒక వైపు లెక్కే నడుస్తోంది. టీచరు ఫోనులో ముఖం చూపి హాజరు వేయాలి. మధ్యాహ్న భోజనం వివరాలు పంపాలి. ఒక దశలో మరుగుదొడ్ల ఫొటోలు కూడా యాప్‌లో పెట్టించారు. వీటన్నిటికీ గడువు ఉంది, గడువు దాటితే మెమో ఉంది. ఏకోపాధ్యాయ బడిలో ఖాళీ ఎన్ని నెలలుగా ఉందో, ఆ టీచరును ఎన్ని రోజులు వేరే పనికి పంపారో మండలాఫీసు ఏ యాప్‌లో పెట్టాలి? ఎవరికి మెమో వస్తుంది?

ఇక బడి కమిటీ. చట్టం ప్రకారం అందులో కనీసం ముప్పాతిక మంది తల్లిదండ్రులే, సగంమంది ఆడవాళ్లే. ఆ కమిటీయే కాక తల్లిదండ్రులందరినీ పిలిచి 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా మెగా పేరెంట్-టీచర్ మీటింగ్ పెట్టారు, 2025 జూలై 10న మళ్లీ పెట్టారు. ప్రగతి పత్రాలు చేతికిచ్చారు. మంచి పనే. కాని అలాంటి చోట నడిచే సంభాషణ మీకందరికీ తెలుసు. ‘మా గుంటడికి సదువొస్తందా మాస్టారూ?’ ‘బాగానే ఉన్నాడమ్మా, కాస్త అల్లరెక్కువ.’ తల్లి నవ్వుతుంది, సంతకం పెడుతుంది, కాదంటే వేలిముద్ర వేస్తుంది. చేతిలో ప్రగతి పత్రం ఉన్నా, దాన్ని పట్టుకుని ఎదురు ప్రశ్న ఎలా వేయాలో ఆమెకు తెలియదు.

ఏం చేయాలి

మూడు పనులు చెప్తాను. మూడింటికీ కొత్త చట్టం అక్కర్లేదు.

ఒకటి. జూన్‌లో ప్రతి పిల్లా చదవగలిగింది, చేయగలిగిన లెక్క ఒక పుస్తకంలో రాయాలి: అక్షరమా, పదమా, వాక్యమా, పేరానా, కూడికా, తీసివేతా, భాగహారమా. డిసెంబరులో, మార్చిలో మళ్లీ చూడాలి. ఆ చూసే పని అదే బడి టీచరు చేయకూడదు. స్కూల్ కాంప్లెక్సులోని మరో బడి టీచరు వచ్చి చేయాలి. అట్లాంటా నేర్పిన పాఠం అదే.

రెండు. ఆ పుస్తకం మీదే ప్రభుత్వానికీ గడులుండాలి: ఖాళీ పోస్టులు, వేరే డ్యూటీకి పోయిన రోజులు, పాఠ్యపుస్తకాలు అందిన తేదీ. రెండు వైపులా నింపకుండా ఏ బడి మీదా తీర్పు చెప్పకూడదు.

మూడు. ఎదుగుదల తక్కువున్న బడికి ముందు టీచరు వెళ్లాలి, మెమో తర్వాత వెళ్లాలి. టీచరు వెళ్లి ఏడాది గడిచినా పిల్లలు కదలకపోతే అప్పుడు అడగండి, గట్టిగానే అడగండి. సంఘాల పేరు చెప్పి తప్పించుకోవద్దని ఉపాధ్యాయ మిత్రులను కూడా కోరుతున్నాను. పేదవాడికి ఉన్న బడి ఒక్కటే. అక్కడ చదువు రాకపోతే అప్పు చేసి పక్క ఊరి ప్రైవేటు బస్సు ఎక్కిస్తాడు.

తల్లులకు ఒక మాట చెప్పి ముగిస్తాను. ఈసారి మీటింగుకు పిలిచినప్పుడు ‘బాగా సదువుతున్నాడా’ అని అడక్కండి. ‘జూన్‌లో ఏం చదవగలిగేవాడు, ఇప్పుడేం చదవగలడు, మా ముందే చదివించండి’ అని టీచరును అడగండి. ‘ఈ బడికి రావలసిన టీచరు ఎప్పుడొస్తారు’ అని అదే మీటింగులో అధికారిని అడగండి. మొదటి ప్రశ్నకు టీచరు నొచ్చుకోకపోతే, రెండో ప్రశ్నకు అధికారి తప్పించుకోలేకపోతే, ఈ రాష్ట్రంలో బడి లెక్క సరిగ్గా మొదలైనట్టే. మాస్టారి పేరున ఏటా జరిగే ఈ సభలో వచ్చే ఏడు ఆ పుస్తకం చదివి వినిపించాలని కోరుకుంటూ, సెలవు.