ఖాళీ పోస్టు, పని వచ్చిన మనిషి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కమ్యుటేషన్ మీద, మోకాళ్ల నొప్పుల మీద మాట్లాడేవారు చాలామంది ఉన్నారు కనుక నన్ను వేరే విషయం ఏదైనా చెప్పమన్నారు కార్యదర్శి గారు. నాకు తెలిసిన వేరే విషయం అమెరికా బాస్కెట్‌బాల్ ఒక్కటే. నవ్వకండి. 2014 వేసవిలో ఓహయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లో మా అమ్మాయి ఇంట మూడు నెలలున్నాను. ఆ మూడు నెలలూ మా ఇంట్లో ఒకే బేరం మీద వాదన.

ముందు పద్ధతి మనవి చేస్తాను. అక్కడ ఎన్‌.బి.ఎ. అని ముప్పై జట్ల లీగు. కొత్త కుర్రవాళ్లను జట్లు ఏటా వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. బాగా ఓడిన జట్లకు ముందు వంతులు వచ్చే అవకాశం ఎక్కువ, అయితే అదీ లాటరీ మీదనే. వంతు అంటే మన భాషలో మంజూరైన ఖాళీ పోస్టు. చేరేవాడికి పని వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. ఆ పోస్టును వేరే జట్టుకిచ్చి, బదులుగా కొన్నేళ్ల సర్వీసుతో పని రుజువు చేసుకున్న, ఇంకా వయసున్న ఆటగాణ్ణి తెచ్చుకోవచ్చు.

ఇందులో అందరూ చెప్పుకునే ఉదాహరణ 1980లో బోస్టన్‌ది. మొదటి వంతు, పదమూడో వంతు గోల్డెన్ స్టేట్ జట్టుకిచ్చి, నాలుగేళ్లు ఆడిన రాబర్ట్ పారిష్‌నూ, మూడో వంతునూ తీసుకున్నారు. ఆ మూడో వంతులో కెవిన్ మెక్‌హేల్ వచ్చాడు. 1981, 1984, 1986లలో బోస్టన్ ఛాంపియన్. అవతలివారు మొదటి వంతులో తీసుకున్న జో బ్యారీ కారల్ చెడ్డ ఆటగాడేమీ కాదు, కానీ ఆ తూకానికి సరిపోలేదు.

ఇక క్లీవ్‌లాండ్ సంగతి. 2013లో లాటరీలో మొదటి వంతు వచ్చి ఆంథొనీ బెన్నెట్‌ను తీసుకున్నారు. అతను నాలుగేళ్లు తిరక్కుండానే లీగులో కనపడకుండా పోయాడు. 2014లో వెయ్యిలో పదిహేడు పాళ్ల అవకాశంతో మళ్లీ మొదటి వంతు తగిలింది! ఆండ్రూ విగ్గిన్స్ అనే పంతొమ్మిదేళ్ల కెనడా కుర్రవాణ్ణి తీసుకున్నారు. తొమ్మిదేళ్ల మా మనవడు పేపర్లో అతని బొమ్మ కత్తిరించి తలుపుకి అంటించుకున్నాడు.

జూలై 11న లెబ్రాన్ జేమ్స్ సొంత ఊరి జట్టుకు తిరిగి వస్తున్నానని పత్రికలో ఉత్తరం రాశాడు. జట్టులో కొందరి పేర్లు రాశాడు, విగ్గిన్స్ పేరు లేదు. మా అల్లుడు ఆ ఉత్తరం చదివి, "అయిపోయిందండీ మామయ్యగారూ, వీణ్ణి పంపించేస్తారు" అన్నాడు. మినెసోటా జట్టులో కెవిన్ లవ్ ఉన్నాడు. వయసు ఇరవై అయిదు, అంతకుముందు సీజనులో ఆటకు సగటున 26 పాయింట్లు. లెబ్రాన్‌కు ఇరవై తొమ్మిది. విగ్గిన్స్ పని నేర్చుకునేదాకా ఆగే వ్యవధి లేదు. అయితే లవ్‌కు మరుసటి ఏడాదే వెళ్లిపోయే హక్కు ఉంది. పోస్టు పోయి, మనిషీ పోతే?

మనకు నచ్చే నిబంధన ఒకటి ఉంది. కొత్తవాడు సంతకం పెట్టాక ముప్పై రోజులు అతన్ని మార్చుకోకూడదు. జూలై 24న సంతకం, ఆగస్టు 23న బదిలీ. ఆ నెలంతా హాజరు పట్టీలో పేరుంది, కుర్చీ లేదు.

ఆ కుర్రవాడి మీద నాకెందుకంత జాలి అని మా అల్లుడు అడిగాడు. ఎప్పుడూ చెప్పుకోలేదు, ఇక్కడ చెప్తాను. 1975లో నేను ఎల్‌.డి.సి.గా చేరి ఆరు నెలలు. ఆడిట్ దగ్గర పడింది. మా అధికారి పక్క తాలూకా నుంచి క్యాష్ బుక్కు, పే బిల్లులు వెన్నతో పెట్టిన విద్య అయిన ఒకాయన్ను అడిగి తెచ్చుకుని, బదులుగా నన్ను పంపారు. రిలీవింగ్ ఆర్డరు అటెండరు తెచ్చి ఇచ్చాడు. గదిలోకి పిలిచి ఒక మాట అనలేదు. ఆడిట్ సజావుగా గడిచింది. ఆయన చేసింది ఆఫీసుకు మంచిదేనని నేను సూపరింటెండెంటు కుర్చీ ఎదురుగా ఇరవై ఏళ్లు కూర్చున్నాక ఒప్పుకున్నాను. ఆ ఒక్క మాట అనకపోవడం మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. వంతుగా ఉన్నంతవరకు అది కాగితం. పేరు పడ్డాక పిల్లవాడు.

బేరం తప్పని మాత్రం అనను. లవ్ 2015లో వెళ్లే హక్కు వాడుకుని కూడా అయిదేళ్లకు తిరిగి సంతకం పెట్టాడు. 2016 జూన్ 19న ఏడో ఆటలో 93-89తో గోల్డెన్ స్టేట్‌ను ఓడించి క్లీవ్‌లాండ్ ఛాంపియన్ అయింది. ఆ ఊరి పెద్ద జట్లలో యాభై రెండేళ్ల తర్వాత తొలి విజయం. లవ్‌కు ఆ రోజు 14 రీబౌండ్లు, చివరి నిమిషంలో స్టెఫెన్ కర్రీని కదలనివ్వలేదు. వయసు చూడకుండా చేసే బేరమే అసలు ముప్పు. 2013లో బ్రూక్లిన్ జట్టు ముప్పై ఏడేళ్ల గార్నెట్ కోసం, ముప్పై అయిదేళ్ల పియర్స్ కోసం వంతులు ధారపోసి ఏళ్ల తరబడి అనుభవించింది.

విగ్గిన్స్ 2014-15లో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. మినెసోటాలో జట్టు లేవలేదు, అతని మీద విసుర్లు మాత్రం పడ్డాయి. 2020లో మళ్లీ బదిలీ, ఈసారి గోల్డెన్ స్టేట్‌కు. 2022 ఫైనల్ అయిదో ఆటలో 26 పాయింట్లు, 13 రీబౌండ్లు. తర్వాతి ఆటతో ఛాంపియన్.

మా మనవడికి అప్పటికి పదిహేడు. మనకు పొద్దుటి పూట ఫోను మోగింది. "తాతయ్యా, విగ్గిన్స్ గెలిచాడు" అన్నాడు. "తలుపు మీద బొమ్మ ఉందిరా?" అని అడిగాను. ఇల్లు మారినప్పుడు తీసేశారట.

కోశాధికారి గారు లెక్కల పుస్తకం తీసి చూస్తున్నారు. సెలవు.