ఒళ్ళు విరుచుకోవడం సోమరితనం కాదు
(ప్లాటినం జూబ్లీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై ఐదేళ్ళ పండుగ సభలో ప్రధానోపాధ్యాయిని బడి చరిత్రను గురించో, తెలుగు భాషను గురించో మాట్లాడుతుందని మీరు ఎదురుచూసి ఉంటారు. ఆ రెండింటినీ నాకంటె బాగా చెప్పగలిగినవారు ఈ వేదిక మీదనే ఉన్నారు. నేను నడుము నొప్పిని గురించి మాట్లాడదలచాను. నవ్వేవారు నవ్వవచ్చును. నవ్వుతూనే ఎందరి చేయి నడుము మీదికి వెళ్ళినదో ఇక్కడినుండి నాకు కనబడుతూనే ఉన్నది.

ఈ విషయాన్ని ఎన్నుకోవడానికి కారణం సెలవు చీటీలు. ప్రధానోపాధ్యాయుల బల్ల మీదికి వచ్చే చీటీలలో మగపిల్లలవి ఒక తీరుగా ఉంటాయి: జ్వరము, మేనమామ పెండ్లి, ఊరిలో జాతర. ఆడపిల్లల చీటీలలో మరొక వాక్యం తరచుగా కనబడుతుంది: “మా అమ్మకు నడుము పట్టుకొన్నది, కావున రెండు దినములు సెలవు ఇప్పించ ప్రార్థన.” మగపిల్లవాని చీటీలో ఈ కారణాన్ని నేను చూసినది బహు స్వల్పం. తల్లి మంచం పట్టితే పొయ్యి వెలిగించేదెవరు, కుళాయి వద్ద బిందె పట్టేదెవరు, చిన్నవాణ్ణి అంగన్‌వాడీకి దిగబెట్టేదెవరు? పెద్ద కూతురే. ఈ విధంగా తల్లి నడుము నొప్పి కూతురి హాజరు పట్టికలోకి ఎక్కుతున్నది. అందుచేత ఇది వైద్యుల విషయమే గాక బడి విషయం కూడా.

ఒక ఎనిమిదవ తరగతి బాలిక సంగతి చెబుతాను, పేరు చెప్పను. తల్లి పొన్నేరి వైపు పొలాలలో వరినాట్లకు పోతుంది, నాట్లు లేని రోజులలో ఇటుకలు మోస్తుంది. ఆ అమ్మాయి ఒక్క టర్ములో పందొమ్మిది రోజులు బడికి రాలేదు. తల్లిని పిలిపించి మాట్లాడితే తెలిసినది: ఆముదం రాచినారు, ఉప్పు మూటతో కాపడం పెట్టినారు, మందుల అంగడిలో బెల్టు కొన్నారు, నొప్పి సూదులు వేయించినారు. ప్రతి దానికీ రెండు మూడు రోజుల ఉపశమనం, మరల అదే బాధ. చివరికి ఇరుగుపొరుగువారు “మంచం దిగవద్దు” అన్నారు. పదిహేను రోజులు పడుకొన్నది. లేచినప్పుడు మునుపటికంటె ఎక్కువగా బిగుసుకొని ఉన్నదట.

ఆ ఇరుగుపొరుగువారిని తప్పుపట్టలేము. ఒకప్పుడు వైద్యులు కూడా అదే చెప్పేవారు. కాని 1995లో ఫిన్లాండు దేశపు హెల్సింకీ నగరపాలక సంస్థ ఉద్యోగులు 186 మంది మీద జరిగిన పరిశీలన ఆ అభిప్రాయాన్ని కదిలించింది. హఠాత్తుగా నడుము పట్టినవారిలో కొందరికి రెండు రోజుల పడక విశ్రాంతి, కొందరికి వ్యాయామాలు చెప్పి, తక్కినవారిని ఓర్చుకోగలిగినంత మేరకు మామూలు పనులు చేసుకొమ్మన్నారు. త్వరగా కోలుకొన్నవారు మామూలు పనులు చేసుకొన్నవారే. ఇందులో గమనించవలసినది మరొకటి ఉన్నది: నొప్పి రేగి ఉన్న మొదటి రోజులలో వ్యాయామం కూడా గొప్ప మేలు చేయలేదు. కనుక నేడు నేను చెప్పబోయే శరీరాన్ని సాగదీసే అభ్యాసం, పోయి పోయి తిరిగి వచ్చే పాత నొప్పికే గాని, నిన్న సాయంత్రం పట్టిన నడుముకు కాదు. అటువంటి నడుమును రెండు మూడు రోజులు ఊరుకోనివ్వండి, నెమ్మదిగా నడవండి, అంతే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో నడుము నొప్పితో బాధపడినవారు 61.9 కోట్లు, 2050 నాటికి ఆ సంఖ్య 84.3 కోట్లు కాగలదని అంచనా. పురుషులకంటె స్త్రీలలో ఎక్కువ. అదే సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలపు నడుము నొప్పిపై మార్గదర్శకాలు వెలువరించి, క్రమబద్ధమైన వ్యాయామాన్ని, నొప్పిని గురించిన అవగాహనను ముందు నిలిపింది. నడుము బెల్టులను, బరువులు కట్టి లాగే ట్రాక్షను చికిత్సను మామూలుగా వాడవద్దని చెప్పింది. మన ఇండ్లలో దండెం మీద వ్రేలాడుతున్న బెల్టులు ఎన్నో ఒకసారి తలచుకోండి. విరిగిన ఎముకకు మన పుత్తూరు కట్టు ఉన్నది; బిగుసుకొన్న నడుముకు ఏ కట్టూ లేదు, విప్పుకోవలసినదే.

ఆ తల్లికి మేలు జరిగినది ఇంటి గడప వద్దనే. తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టులో ఆరంభించిన ‘మక్కళైత్ తేడి మరుత్తువం’ పథకంలో భాగంగా ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చి, ఆమెను నడిపించి, వంచి, పడుకోబెట్టి చూసి, మూడే మూడు అభ్యాసాలు నేర్పించినారు. ఆరు వారాలు విడువకుండా చేసినది. నొప్పి మొత్తం పోయిందా అని నేను అడిగితే ఆమె నిజమే చెప్పింది: “పోలేదమ్మా. నాట్లప్పుడు వస్తాది. కానీ మంచం ఎక్కించడం లేదు.” తరువాతి టర్ములో ఆ బాలిక నాలుగు రోజులే మానినది. నాకు కావలసిన ఫలితం అదే.

ఇక ఆ నొప్పి తిరిగి తిరిగి ఎందుకు వస్తుందో చూద్దాం. మన కవరైపేట్టై నుండి చెన్నైకి యూనిట్ రైలులో పోయి కుర్చీలో కూర్చొని పనిచేసి వచ్చే పూర్వ విద్యార్థులున్నారు. గుమ్మిడిపూండి పారిశ్రామికవాడలో షిఫ్టంతా నిలబడేవారున్నారు. తిరుత్తణి వైపు పొదటూరుపేటలో మగ్గం గుంటలో కాళ్ళు వ్రేలాడవేసి కూర్చొనే నేతపనివారు మనకు బంధువులు. అర్ధరాత్రి వరకు ముందుకు వంగి నోటు పుస్తకాలు దిద్దే మా ఉపాధ్యాయినులున్నారు. వీరందరి పనులు వేరైనా ఒక్క పోలిక ఉన్నది: గంటల తరబడి శరీరం ఒకే భంగిమలో నిలిచిపోతుంది. ఎక్కువసేపు కూర్చొనేవారికి తుంటి ముందరి కండరాలు, తొడ వెనుక కండరాలు బిగుసుకొంటాయి. తొడ వెనుక కండరాలు వదులు ఇవ్వనప్పుడు, నేల మీద బిందె ఎత్తడానికి వంగితే తుంటి కీలు వద్ద జరగవలసిన వంపు నడుము వద్ద జరుగుతుంది. రోజుకు వంద మారులు ఆ భారం వెన్నుపూసల నడుమనున్న మెత్తని డిస్కుల మీద, చుట్టూ ఉన్న స్నాయువుల మీద పడుతుంది.

సాగదీస్తే కండరం రబ్బరు వలె పొడుగవుతుందని చాలామంది అనుకొంటారు. మొదటి వారాలలో కండరం పొడవు అంతగా మారదు. సాగుదలను ఓర్చుకొనే శక్తి నాడులకు అలవడుతుంది. ఇంతకుముందు ప్రమాదమని అరచిన శరీరం, ఇది ప్రమాదం కాదని నేర్చుకొంటుంది. నేర్చుకోవడం అన్నాను గనుక ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కరలేదు: ఎక్కాలు ఒకనాడు రెండు గంటలు వల్లించి వారమంతా మానివేస్తే వస్తాయా? ఇదీ అంతే. రోజుకు పది నిమిషాలు చాలు, కాని ప్రతి రోజూ.

ఇది యోగాసనమా, కసరత్తా అని కొందరు అడుగుతారు. అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో 228 మంది నడుము నొప్పివారికి, కొందరికి యోగం, కొందరికి సాగదీసే వ్యాయామం పన్నెండు వారాలు నేర్పి, మిగిలినవారికి పుస్తకం మాత్రం ఇచ్చినారు. 2011లో ఆ ఫలితాలు వెలువడినవి. యోగమూ వ్యాయామమూ దాదాపు సమానంగా మేలు చేసినవి. రెండూ పుస్తకంకంటె మెరుగు. పేరు ఏదైనా మీరు చేసేదే మందు. యోగానికి మనం దూరం పోనక్కరలేదు. తిరుమల కృష్ణమాచార్యుల వారు బోధించిన పద్ధతిని ఆయన కుమారుడు దేశికాచారి 1976లో చెన్నైలో స్థాపించిన యోగ మందిరం నేర్పుతూ వచ్చింది. మనిషిని బట్టి ఆసనాన్ని మార్చుకోవలెనన్నది ఆ సంప్రదాయంలోని ముఖ్యమైన మాట. నడుము నొప్పి విషయంలో అది మరీ నిజం.

1956లో న్యూజిలాండు దేశపు వెల్లింగ్టన్ నగరంలో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు వద్ద ఒక రోగి ఉండేవాడు. మూడు వారాలుగా కాలిలోకి పాకే నొప్పి, ఏ చికిత్సకూ లొంగలేదు. ఒకనాడు అతడు గదిలోకి వెళ్ళి, తలవైపు ఎత్తుగా ఉంచిన బల్ల మీద తెలియక బోర్లా పడుకొన్నాడు. అంటే మన భుజంగాసనం వలె నడుము వెనుకకు వంగి ఉన్నది. ఐదు నిమిషాల తరువాత మెకెంజీ కంగారుగా వచ్చి చూస్తే, కాలి నొప్పి పోయిందని రోగి చెప్పినాడు. అక్కడినుండి ఒక చికిత్సా విధానమే పుట్టింది. దీని నుండి మనకు ఉపయోగపడే సూత్రం ఒకటి: రోజంతా ఏ వైపు వంగి ఉంటామో దానికి ఎదురు వంపు తరచుగా హితం చేస్తుంది. నాట్లు వేసే తల్లి గట్టు ఎక్కినప్పుడెల్లా రెండు చేతులు నడుముకు ఆనించి నాలుగైదు మార్లు మెల్లగా వెనుకకు వంగవలెను. నోటు పుస్తకాలు దిద్దే ఉపాధ్యాయిని అరగంటకొకసారి లేచి అదే చేయవలెను. రోజంతా నిలబడేవారు రాత్రి వెల్లకిల పడుకొని మోకాళ్ళను ఒకదాని తరువాత ఒకటిగా రొమ్ముకు చేర్చుకోవడం మేలు. ముసలితనంలో నాడీమార్గం ఇరుకైనవారికి వెనుకకు వంగితే కాళ్ళు లాగుతాయి. వారికి ముందు వంపే సుఖం. ఏది చేసినప్పుడు కాలిలోని నొప్పి నడుమువైపు వెనుదిరుగుతుందో అది మీది. ఏది చేసినప్పుడు కాలిలోకి దిగుతుందో దానిని వెంటనే మానండి.

నేను స్వయంగా ఏళ్ళ తరబడి చేస్తున్నది తువాలుతో చేసే అభ్యాసం. వెల్లకిల పడుకొని ఒక పాదానికి తువాలు తగిలించి, మోకాలు కొద్దిగా వంచి ఉంచి, తొడ వెనుక లాగినట్లు తెలిసేంతవరకే కాలిని పైకి ఎత్తి, శ్వాస బిగపట్టకుండా ముప్పై అంకెలు లెక్కించడం. కుదుపు కూడదు. పిల్లి వలె నాలుగు కాళ్ళ మీద నిలిచి వీపును పైకీ క్రిందికీ ఆడించడం మరొకటి. మా ఒకటవ తరగతి పిల్లలు దానిని నాకంటె అందంగా చేస్తారు. నిద్ర లేచిన వెంటనే మాత్రం వంగి కాలివ్రేళ్ళు ముట్టుకోకండి. రాత్రంతా డిస్కులు నీరు పీల్చుకొని ఉబ్బి ఉంటాయి. ఉదయం మనం సాయంత్రంకంటె ఒక సెంటీమీటరు పైన ఎత్తు ఉండేది అందుకే. ఆ గంట గడవనివ్వండి. ఏబది దాటి ఎముకలు గుల్లబారిన స్త్రీలు వీపును ముందుకు గుండ్రంగా వంచే అభ్యాసాల జోలికే పోకూడదు; వెన్నుపూస నలిగే ప్రమాదం ఉన్నది.

వ్యాయామం కాక వైద్యుణ్ణి వెదకవలసిన సందర్భాలు కూడా చెప్పడం నా విధి. మలమూత్రాల పట్టు తప్పినా, తొడల నడుమ తిమ్మిరెక్కినా, కాలు ఈడ్చవలసి వచ్చినా ఆనాడే ఆసుపత్రికి వెళ్ళండి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి ఉంటే వెన్నెముకలో క్షయ ఉన్నదేమో చూపించుకోండి. మన దేశంలో అది అరుదు కాదు. నొప్పి మాత్రలు చీటీ లేకుండా నెలల తరబడి మ్రింగితే మూత్రపిండాలు చెడతాయి.

ఇక బడి సంగతి. తరగతిలో పిల్లవాడు ఒళ్ళు విరుచుకొంటే “సోమరి” అని గద్దించడం మన వృత్తికి పాత అలవాటు. నిద్ర లేచిన పిల్లి, కుక్క చేసే మొదటి పని అది. శరీరం అడిగే న్యాయమైన కోరిక. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు పెద్దలు. మానులు కూడా వంగుతాయని ఆ తల్లి చూపించింది, కాని మొక్కలకు ఎంత సులువో! తమిళనాడు 2012-13లో పాఠ్యపుస్తకాలను మూడు టర్ములుగా విభజించి సంచి భారం తగ్గించింది. కేంద్ర ప్రభుత్వపు 2020 విధానం సంచి బరువు పిల్లల బరువులో పదవ వంతు మించరాదన్నది. ముప్పై కిలోల బిడ్డకు మూడు కిలోలు. ఇంటిలో తూచి చూడండి. సంచిని ఒక భుజానికే తగిలించుకొని పోనివ్వకండి.

పరీక్షలు దగ్గరపడితే వ్యాయామ పిరియడును లెక్కలకు ఇవ్వమని కొందరు తల్లిదండ్రులే అడుగుతున్నారు. ఈ సంవత్సరం ఇవ్వబోమని ఈ సభలో చెబుతున్నాను. పదవ తరగతికి కూడా. ఉదయ ప్రార్థన తరువాత ఐదు నిమిషాలు, మధ్యాహ్నం రెండవ పిరియడు తరువాత రెండు నిమిషాలు ప్రతి తరగతీ లేచి నిలబడుతుంది. లెక్కల ఉపాధ్యాయుల వారు దీనికి సమ్మతించినందుకు ప్రత్యేకంగా కృతజ్ఞురాలను.

తల్లుల కొరకు వచ్చే శనివారం నుండి సాయంత్రం నాలుగున్నరకు క్రింది అంతస్తు హాలులో అభ్యాసం ఉంటుంది. చంటిబిడ్డలను వెంట తీసుకొని రావచ్చును; పెద్ద కూతురిని ఇంటిలో కాపలా ఉంచవద్దు. బడిలో చాపలు ఇరవై మాత్రమే ఉన్నవి. వీలైనవారు ఎవరి చాప వారు తెచ్చుకోవలెనని మనవి.