అగ్గి దాటిన నేల
(స్మారకోపన్యాసం)



ఏటా ఈ వేదిక మీద ఏనుగుల గురించో, చెరువుల గురించో, మూతబడుతున్న తెలుగు బడుల గురించో మాట్లాడుకుంటాం. ఈసారి పెంకుపురుగుల గురించి చెబుతానంటే నిర్వాహకులు కాస్త మొహమాటపడ్డారు. అయినా కాదనలేదు, వారికి కృతజ్ఞతలు. ఎవరి పేరిట ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ అయివారు జీవశాస్త్రం చెప్పినవారు. రాయి తిప్పి కింద ఏముందో చూడమనేవారు, చూశాక రాయిని ఉన్నచోటే ఉన్నట్టే పెట్టమనేవారు. ఆయన సభలో పురుగులకు చోటు ఉండాల్సిందే.

మాఘం వెళ్ళేసరికి మన హోసూరు వైపు జవళగిరి, అంచెట్టి, మేలగిరి కొండల్లో ఆకు రాలిపోతుంది. బోదకసువు నడుమెత్తు పెరిగి ఎండిపోయి ఉంటుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిపూట కొండ వాలున ఎర్రటి గీత పాకడం డెంకణికోట వైపు వాళ్ళెవరికీ కొత్త కాదు. గొడ్లకు లేతచిగురు రావాలని ఒకరు పెడతారు. దారి కనబడాలని ఇంకొకరు పెడతారు. ఆర్పకుండా పారేసిన బీడీముక్క చేసే పని కూడా తక్కువేం కాదు. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1882 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. అదే అడవిలో వేసవికి ముందే అటవీశాఖ సిబ్బంది హద్దుల వెంట, బాటల వెంట గడ్డి కోసి, దాన్ని అదుపులో కాల్చి, పెద్ద మంట దాటకుండా ఖాళీ గీతలు వేస్తారు. అంటే ఒకే అడవిలో ఒక నిప్పు నేరం, ఇంకో నిప్పు ఉద్యోగం. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి కొండల్లో ఇరవై మందికి పైగా మంటల్లో చనిపోయాక, నిప్పు అనే మాట వింటేనే ఆర్పేయాలన్న ఆలోచన ఇంకా గట్టిపడింది. దాన్ని తప్పుపట్టలేం. కానీ మనుషుల ప్రాణాలు కాపాడడం ఒక లెక్క, నేల బాగోగులు చూడడం మరో లెక్క. రెండింటినీ ఒకే పుస్తకంలో రాస్తే రెండూ తప్పుతాయి.

ఈ వాదన పాతదే. 1860లలో మధ్య పరగణాల్లోని బోరి అడవిలో కర్నల్ పియర్సన్ అడవిని నిప్పు నుంచి కాపాడే ప్రయత్నం మొదలుపెట్టాడు. అది కుదిరిందనిపించాక, నిప్పును అడవి గడప తొక్కనివ్వకపోవడమే మంచి అటవీ పాలన అన్న నమ్మకం దేశమంతా పాకింది. అడవిలో పుట్టి పెరిగినవాళ్ళను మాత్రం ఎవరూ పెద్దగా అడగలేదు.

అమెరికాలో ఒకచోట కథ మరోలా నడిచింది. కాన్సస్ రాష్ట్రంలో మన్‌హటన్ అనే ఊరుంది. న్యూయార్క్ మన్‌హటన్ కాదు, పేరొకటే. ఆ ఊరి పక్కన ఫ్లింట్ హిల్స్‌లో 1971 నుంచి కొంజా ప్రెయరీ పేరుతో దాదాపు 3,500 హెక్టార్ల గడ్డినేల మీద పరిశోధన జరుగుతోంది. ఒక వాగు పరీవాహకాన్ని ఏటా కాలుస్తారు, ఇంకోదాన్ని రెండేళ్ళకోసారి, మరోదాన్ని నాలుగేళ్ళకోసారి. ఇరవై ఏళ్ళకు గాని నిప్పు చూడని చోట్లు కూడా ఉంచారు. కాల్చకుండా వదిలేస్తే గడ్డినేలను పొదలూ చెట్లూ ఆక్రమిస్తాయని అక్కడ కళ్ళారా చూశారు. గడ్డి సంగతి అలా తేలింది. మరి గడ్డి మొదట్లో తిరిగే పురుగుల సంగతి?

నేలమీద పరుగెత్తే పెంకుపురుగులది కేరాబిడే అనే పెద్ద కుటుంబం. ప్రపంచంలో 30,000 పైచిలుకు జాతులకు శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టారు. భారతదేశపు జాతుల గురించి హెచ్. ఇ. ఆండ్రూస్ 1929లో ఒకటి, 1935లో ఒకటి, రెండు సంపుటాలు రాశాడు. మన పరిశోధకులు వాటిని ఇప్పటికీ తిరగేయక తప్పదు. వీటిలో చాలావరకు వేటగాళ్ళే. గొంగళిపురుగులు, నత్తలు, చీమలు, ఇతర పురుగుల గుడ్లు, ఏవి దొరికితే అవి తింటాయి. కొన్ని గడ్డి గింజలు కొరుకుతాయి.

మన మెట్టనేలల్లో కనిపించేవాటిలో రెండింటి గురించి చెబుతాను. ఒకటి ఆంథియా సెక్స్‌గుట్టాటా. రెండంగుళాలకు కాస్త తక్కువ పొడవు, నల్లటి ఒళ్ళు, దానిమీద ఆరు తెల్లటి చుక్కలు, ముందుకు పొడుచుకొచ్చిన దవడలు. పొడుగాటి కాళ్ళ మీద ఒళ్ళెత్తి పరుగెత్తుతుంది. ముట్టుకుంటే వెనకనుంచి ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది, కంట్లో పడితే మంట. ఇది ఎగరలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత దీనితో పని ఉంది. రెండోది ఫెరోప్సోఫస్, చెమ్మనేలల దగ్గర రాళ్ళ కింద దాగేది. దీని పొట్టలో రెండు రసాయనాలు ఒక గదిలో, ఎంజైములు మరో గదిలో ఉంటాయి. ప్రమాదం వస్తే ఆ రసాయనాలు ఎంజైములతో కలిసి మరిగి, నీరు కాగేంత వేడితో టప్‌మని పేలతాయి. వేలికి తగిలితే గోధుమరంగు మరక పడుతుంది, కడిగినా ఓ పట్టాన వదలదు. దీని పిల్లపురుగులు కుమ్మరిపురుగు గుడ్లు తిని పెరుగుతాయి. రైతుకు అది మేలే.

నిప్పు వచ్చినప్పుడు వీటికి ఏమవుతుంది? కాలి బూడిదవుతాయనుకుంటాం. చాలావరకు అలా జరగదు. గడ్డి మంట పైన భగ్గుమంటుంది, నిమిషాల్లో దాటిపోతుంది. నేలలో రెండు మూడు అంగుళాల లోతుకు వేడి పెద్దగా దిగదు. బీటల్లో, రాళ్ళ కింద, చెదపుట్టల బొరియల్లో ఉన్నవి బతికిపోతాయి. చచ్చేవి ఎండాకుల పరుపులో, కుళ్ళిన మొద్దుల్లో దాగినవి. మొద్దు గంటల తరబడి లోలోపల రాజుకుంటుంది కాబట్టి దాని కింద నేల కూడా కాగిపోతుంది.

అసలు కష్టం మంట ఆరాక మొదలవుతుంది. నీడ ఉండదు, ఆకు ఉండదు, ఎండకు నేల పెనంలా కాలుతుంది. ఆకుల చెమ్మను నమ్ముకున్న జాతులు తగ్గిపోతాయి. బయలును ఇష్టపడేవి, గింజలు తినేవి పెరుగుతాయి. ఐరోపా ఉత్తరాదిలో సెరికోడా క్వాడ్రిపంక్టాటా అనే జాతి ఉంది, కాలిన అడవిని వెతుక్కుంటూ ఎగిరొస్తుంది. ఎగరగల జాతులు అలా దూరం నుంచి రాగలవు. మన ఆరుచుక్కల పురుగు నడిచే రావాలి. దానికి పక్కనే కాలని చోటు ఉండాలి. కొండ మొత్తం ఒకే వారంలో కాలిపోతే అది ఎక్కడినుంచి నడుస్తుంది?

పరిశోధనల్లో ఒక చిక్కు ఉంది. పురుగుల్ని లెక్కించడానికి గిన్నెను నేలకు సమంగా పాతి, పడ్డవాటిని లెక్కపెడతారు. గడ్డి కాలిపోతే పురుగుకు అడ్డం ఉండదు, ఎక్కువ తిరుగుతుంది, ఎక్కువగా గిన్నెలో పడుతుంది. ఆ లెక్క చూసి నిప్పు తర్వాత పురుగులు పెరిగాయని రాసేస్తే పొరపాటే. అది జనాభా కాదు, నడక. ఈ విషయం మీద వచ్చే వ్యాసాల్లో నేను ముందుగా వెతికేది రచయిత ఈ తేడా గమనించాడా లేదా అన్నదే.

మన అడవులకు వద్దాం. 2014లో కావేరి ఉత్తర అభయారణ్యంగా ప్రకటించిన 504 చదరపు కిలోమీటర్లలో దట్టమైన అడవి కొంతే. మిగిలింది గడ్డీ చెట్లూ కలగలిసిన నేల. మనం పాడైన అడవి అని పిలిచే ఇలాంటి చాలా చోట్లు నిజానికి సహజమైన సవానాలని జయశ్రీ రత్నం, మహేశ్ శంకరన్ తదితరులు 2011లో, 2016లో రాసిన వ్యాసాల్లో వాదించారు. ఆ వాదన సరైనదని నా నమ్మకం. అదే నిజమైతే, ఇక్కడి పురుగులకు నిప్పు కొత్త చుట్టం కాదు, తరాల నాటి పరిచయం.

పక్కనే బిళిగిరి రంగన కొండల్లో సోలిగలు ఎండలు ముదరకముందే రాలిన ఆకుకు చిన్నగా నిప్పు పెట్టేవారు. 1974లో అభయారణ్యమయ్యాక అది ఆగింది, లాంటానా కంప కొండంతా అల్లుకుంది. మాటిమాటికీ వచ్చే మంటలు లాంటానాను పెంచుతాయి, లాంటానా మంటల్ని పెంచుతుంది అని అంకిల హిరేమఠ్, భరత్ సుందరం 2005లో ఒక ప్రతిపాదన చేశారు. సోలిగ పెద్దలేమో, నిప్పు ఆపడం వల్లే కంప వచ్చిందంటారు. ఈ రెండూ కొట్టుకునే మాటలని నాకు తోచదు. ముందస్తుగా పెట్టే తేలిక నిప్పు వేరు, ఏప్రిల్‌లో వచ్చే ఉగ్రమైన మంట వేరు. జనవరిలో పురుగు లోతున దాగి ఉంటుంది. తొలకరి జల్లు పడ్డాక వచ్చే మంటకు అది నేలమీద దొరికిపోతుంది.

అందుకే నిప్పు మంచిదా చెడ్డదా అని నన్ను అడగవద్దు. ఏ నెలలో, ఎన్నేళ్ళకోసారి, ఎంత మేర, పక్కన ఎంత మిగిల్చి? ఈ నాలుగూ చెప్పకుండా ఎవరు తీర్పు చెప్పినా వినవద్దు. ఉపగ్రహాల సాయంతో భారత అటవీ సర్వే సంస్థ మంట కనిపించగానే సమాచారం పంపుతోంది, మంచి పని. కానీ 375 మీటర్ల గడిలో ఒక చుక్కగా కనిపించే మంట, ఆకుల పరుపును తాకి పోయిందో మొద్దుల్ని కూడా తినేసిందో ఆ చుక్క చెప్పదు. కాలిన నేల మీదికి దిగి చూడాల్సిందే.

హోసూరులో 1824 నుంచి ఉన్న పశుగణ క్షేత్రం ఉంది, 1,600 ఎకరాలకు పైగా. అక్కడ మేత మైదానాలున్నాయి. డెంకణికోట దాటితే అటవీశాఖ ఏటా కాల్చే గీతలున్నాయి. హోసూరు, కృష్ణగిరి కళాశాలల్లో జంతుశాస్త్రం చదివే పిల్లలున్నారు. కావలసిన పరికరం పెరుగు డబ్బా, కాస్త ఉప్పునీళ్ళు. అధ్యాపకులకు నా మనవి ఇది: అటవీశాఖ అనుమతి తీసుకుని, రానున్న వేసవికి ముందే కాల్చే గీతలోనూ, పక్కన కాల్చని చోటా డబ్బాలు పాతించండి. నిప్పుకు ముందు, నిప్పు తర్వాత, తొలకరి పడ్డాక లెక్క తీయించండి. మొదటి ఏడు పేర్లు తెలియకపోయినా పర్వాలేదు, ఎగిరేవి, ఎగరలేనివి అని రెండు కుప్పలు చేస్తే చాలు. ఆ లెక్క ఒక్క ఏటితో ఆపకండి, కనీసం ఐదేళ్ళు నడపండి. దాన్ని జిల్లా అటవీ అధికారి బల్ల మీద పెట్టే బాధ్యత ఈ సభ తీసుకోవాలని కోరుతున్నాను.