కెప్టెన్ అమరీందర్ సింగ్ రాజకీయ జీవితం: మనం నేర్చుకోవలసినది



ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన బస్తీలలో ఒకే ప్రశ్న వినబడుతుంది: "ఈయన మనవాడేనా?" ఈ ప్రశ్న సరైనదేనా అని ఆలోచించడానికి నేడు పంజాబుకు చెందిన ఒక మాజీ సైనికాధికారి జీవితాన్ని పరిశీలిద్దాం. ఆయన ముస్లిం కారు. మనవలెనే ఈ దేశంలో మైనారిటీ అయిన సిక్కు సమాజానికి చెందినవారు.

పటియాలా రాజకుటుంబంలో 1942లో జన్మించిన అమరీందర్ సింగ్ 1963లో సిక్కు రెజిమెంటులో అధికారిగా చేరారు. 1965 ఆరంభంలో సైన్యాన్ని వీడినా, అదే యేడు పాకిస్తాన్‌తో యుద్ధం రాగానే తిరిగి విధులలో చేరారు. 1980లో కాంగ్రెస్ తరఫున లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1984 జూన్‌లో అమృత్‌సర్ స్వర్ణ దేవాలయంలోకి సైన్యం ప్రవేశించింది. తాను సేవ చేసిన సైన్యమే అయినా, తన పార్టీ ప్రభుత్వమే అయినా ఆయన మౌనం వహించలేదు. పార్టీకీ, లోక్‌సభ సభ్యత్వానికీ రాజీనామా చేశారు. 1985లో అకాలీదళ్ అభ్యర్థిగా తల్వండీ సాబో నుండి శాసనసభకు ఎన్నికై మంత్రి అయ్యారు. మరుసటి యేడు బర్నాలా ప్రభుత్వం అదే ఆలయంలోకి పోలీసు బలగాలను పంపగా ఆ మంత్రి పదవినీ వదులుకున్నారు.

తరువాత కాంగ్రెస్‌లోకి తిరిగివచ్చి రెండుసార్లు ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన హయాంలోనే 2020 జనవరి 17న పంజాబ్ శాసనసభ పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా తీర్మానించింది. 2021 మే 14న, ఈదుల్ ఫిత్ర్ నాడు, ముస్లింలు అధికంగా నివసించే మలేర్‌కోట్లాను సంగ్రూర్ నుండి విడదీసి పంజాబులో 23వ జిల్లాగా ప్రకటించారు. గురు గోవింద్ సింగ్ చిన్న కుమారుల హత్యను నాటి మలేర్‌కోట్లా నవాబు షేర్ మొహమ్మద్ ఖాన్ ఖండించారన్న కృతజ్ఞత సిక్కుల హృదయాలలో నేటికీ నిలిచి ఉంది.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే మనం చప్పట్లు కొట్టి ఇళ్లకు వెళ్లేవారం. కాని 2021 సెప్టెంబరులో ముఖ్యమంత్రి పదవి పోయిన తరువాత ఆయన కాంగ్రెస్‌ను వీడి సొంత పార్టీ స్థాపించారు. 2022 ఎన్నికలలో భారతీయ జనతా పార్టీతో పొత్తు పెట్టుకొని పటియాలాలో ఓడిపోయారు. అదే సంవత్సరం సెప్టెంబరులో తన పార్టీని ఆ పార్టీలోనే విలీనం చేశారు. ఏ చట్టాన్ని తన సభ వ్యతిరేకించిందో ఆ చట్టాన్ని తెచ్చిన పార్టీ అది!

నాయకుడు వెళ్లిపోయారు, మలేర్‌కోట్లా జిల్లా మిగిలింది. తీర్మానం సభా రికార్డులలో మిగిలింది. పౌరసత్వం కేంద్ర జాబితాలోని అంశం గనుక ఆ తీర్మానం చట్టాన్ని రద్దు చేయలేదన్న మాట నిజమే. అయినా ప్రజాప్రతినిధుల అభిప్రాయం అక్షరబద్ధమైంది. మన తెలంగాణ శాసనసభ కూడా 2020 మార్చి 16న అటువంటి తీర్మానమే చేసింది.

కనుక ఇఫ్తార్ విందులో టోపీ ధరించినవారిని చూసి మురిసిపోవద్దు. వక్ఫ్ భూమి గురించి, ఉర్దూ పాఠశాల గురించి, స్కాలర్‌షిప్‌ల గురించి సభలో ఏమడిగారో, ఏ ఉత్తర్వు తెచ్చారో మన శాసనసభ్యుని అడుగుదాం. మేలు చేస్తే కృతజ్ఞత చెబుదాం, మాట తప్పితే నిలదీద్దాం. మన విశ్వాసాన్ని మాత్రం ఏ వ్యక్తికీ శాశ్వతంగా రాసి ఇవ్వవద్దు.

న్యాయం పక్షాన నిలిచే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.