పార్లమెంటు లేకపోతేనే నయమా?

(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఆ పార్లమెంటు వల్ల మనకు మేలు కంటే కీడే ఎక్కువ" అనే మాట ఈమధ్య రచ్చబండల దగ్గర గట్టిగానే వినపడుతోంది. కోపానికి కారణం ఉంది. తాడేపల్లిగూడెం లాంటి యార్డుల బయట సెస్సు కట్టకుండా ఎవరైనా సరుకు కొనుక్కోవచ్చన్న చట్టంతో సహా మూడింటిని 2020 జూన్ 5న ఆర్డినెన్సులుగా తెచ్చారు. సెప్టెంబరు 20న రాజ్యసభలో రెండు బిల్లులను మూజువాణి ఓటుతో అయిందనిపించారు. ఓట్లు లెక్కపెట్టమని సభ్యులు అడిగినా వినలేదు. ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు ఏడాది పాటు ఎండకూ చలికీ కూర్చున్నాక 2021 నవంబరు 29న రద్దు చేశారు. అప్పుడూ చర్చ లేదు.

మన కొల్లేరు సంగతి చూడండి. 1999లో 5వ కాంటూరు దాకా అభయారణ్యం అని ప్రకటించింది రాష్ట్రమే. 3వ కాంటూరుకు తగ్గించమని 2008లో మన శాసనసభ తీర్మానం చేసింది. కానీ అప్పటికే పార్లమెంటు వన్యప్రాణి చట్టాన్ని సవరించేసింది. అంతకుముందు సరిహద్దు మార్చడానికి శాసనసభ తీర్మానం కావాలని చట్టంలో ఉండేది. 2003 నుంచి జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు కావాలన్నారు. ఆ సవరణ చేసేటప్పుడు మన లంక గ్రామాల్లో ఎవరినైనా అడిగారా? సరస్సు వద్దని మేం అనడం లేదు. కొల్లేరు పూడితే బుడమేరు, తమ్మిలేరు నీళ్లు నిలిచేది మన చేలల్లోనే. అడగకుండా చేశారన్నదే మా బాధ.

అయినా పార్లమెంటే వద్దంటే ఒప్పుకోం. 1894 నాటి తెల్లదొరల భూసేకరణ చట్టం పోయి 2013 చట్టం వచ్చిందంటే, రెండేళ్లు కమిటీలోనూ సభలోనూ నలగబట్టే. ప్రైవేటు కంపెనీకి భూమి తీసుకోవాలంటే 80 శాతం మంది ఒప్పుకోవాలని అందులో రాశారు. 2014 డిసెంబరు 31న కొన్ని రకాల ప్రాజెక్టులకు ఆ షరతు ఎత్తేస్తూ ఆర్డినెన్సు తెచ్చారు. మూడుసార్లు తెచ్చినా రాజ్యసభలో బలం లేక 2015 ఆగస్టులో వదిలేశారు. సభే లేకుంటే ఆ ఆర్డినెన్సే చట్టమై కూర్చునేది. మనకు కీడు చేసింది సభ కాదు, సభ నోరు మూయడం.

బిల్లు కమిటీకి వెళ్తే జనం అభిప్రాయాలు రాసి పంపవచ్చు. మనలో ఎందరం పంపాం? ఇకమీదట సాగు మీద ఏ బిల్లు వచ్చినా కమిటీకి పంపమని అడగాలని ప్రతి మండలం నుంచీ ఎంపీకి వినతిపత్రం ఇద్దాం. తెలుగులోనే రాద్దాం. ఇచ్చినట్టు రసీదు మాత్రం తీసుకోండి.