కనిపించని విషం
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

మేము ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పేవాళ్లము. తెలుగులో తప్పులు దొర్లితే మన్నించాలి.

2023 మార్చి 16 సాయంత్రం మన సికింద్రాబాదు స్వప్నలోక్ కాంప్లెక్సులో అగ్నిప్రమాదం జరిగింది. ఆరుగురు యువతీయువకులు పొగలో ఊపిరాడక చనిపోయారు. అటువంటి పొగలో ఉండే విషాలలో ముఖ్యమైనది కార్బన్ మోనాక్సైడు. ఇల్లు అంటుకోకున్నా ఈ విషం మన గదుల్లో పుట్టగలదు.

బొగ్గు, కట్టె, గ్యాసు, పెట్రోలు, ఏది మండినా చాలినంత గాలి అందకుంటే ఇది పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. వంటగ్యాసు లీకైతే తెలిసేది అందులో వాసన కలుపుతారు గనుక. ఇది నెత్తురులోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒంటికి ప్రాణవాయువు అందదు.

పోయిన చలికాలం మా ఇంట్లో బాలింత ఉండె. చలి తగులుతుందని పెద్దవాళ్లు గదిలో అంగీఠీ పెట్టి, కిటికీలు మూసి, తలుపు సందులో పాత చీర దోపినారు. తెల్లవారేసరికి బాలింతకు తలనొప్పి, వాంతులు. పక్కన పడుకున్న నానీమా లేవబోయి తూలిపడింది. పసిబిడ్డ పాలకు కూడా లేవలేదు. వెంటనే ముగ్గురినీ బయటికి తెచ్చి ఆసుపత్రికి తీసుకుపోయాము. ఆక్సిజన్ పెట్టారు, బతికారు. బడిలో పిల్లలకు ఈ పాఠం చెప్పేది మేమే. ఇంట్లో అంగీఠీని చూసి కూడా ఊరుకున్నాము.

కాబట్టి మనవి. పడుకునే గదిలో బొగ్గుల కుంపటి వద్దు. పైన బూడిద కప్పినా, పొగ కనిపించకున్నా విషం వస్తూనే ఉంటుంది. గ్యాసు గీజరు స్నానాల గదిలో కాక, గాలి ఆడే చోట బయట పెట్టించండి. జనరేటరు ఇంట్లోగాని, కిటికీ దగ్గరగాని నడపవద్దు. వీలున్నవారు ఈ వాయువును పసిగట్టి మోగే అలారం కొనుక్కోండి.

ఇంట్లో ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి, తల తిరుగుడు, వాంతులు వచ్చి, బయటికి వస్తే తగ్గుతుంటే అనుమానించండి. తలుపులు తెరిచి అందరినీ బయటికి తెండి. 108కి ఫోను చేయండి. ఇంట్లో ఏమి మండుతుండెనో డాక్టరుకు తప్పక చెప్పండి.

బాలింతకు, ముసలివారికి చలైతే ఇంకో రజాయి కప్పుదాము. గదిలో నిప్పు మాత్రం వద్దు.

సెలవు. ఖుదా హాఫిజ్.